‘పిక్ అప్’ అంటే ఎత్తడం ఒక్కటేనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఇంటి నుంచే ఒక విదేశీ సంస్థకు లెక్కలు చూసే ఉద్యోగం చేస్తోంది. పది రోజుల పాటు ఉలుకూ పలుకూ లేని పై అధికారి మొన్న ఒక మెయిల్ పంపాడు. నాలుగు వాక్యాల ఆ మెయిల్‌లో నాలుగు చోట్లా ‘పిక్ అప్’ ఉంది. ‘ఐ పిక్డ్ అప్ ఎ బగ్ ఆన్ ది ఫ్లైట్. ఆర్డర్స్ ఆర్ పికింగ్ అప్ ఎగైన్. లెట్ అజ్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్. ఐ పిక్డ్ అప్ ఆన్ యువర్ వర్రీ ఎబౌట్ ది డెడ్‌లైన్.’ విమానంలో పురుగును ఏరడమేమిటో, ఆర్డర్లు దేన్ని ఎత్తుతున్నాయో మా ఇద్దరికీ బోధపడలేదు. నిఘంటువు తీస్తే బోలెడన్ని అర్థాలు కనిపించాయి. ఏ అర్థం ఎక్కడ పనికొస్తుందో తెలుసుకునే మార్గం ఏమిటి?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి ఆ మెయిల్‌కు బదులు రాయవలసి ఉంటుంది కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఆ అధికారికి విమానంలో ఏదో జబ్బు అంటుకుంది. ‘బగ్’ అంటే పురుగు అన్నది మనకు తెలిసిన అర్థమే గాని, ఇంగ్లీషువారి వాడుకలో జలుబు, జ్వరం, కడుపులో తిప్పడం వంటి చిన్నపాటి అంటు జబ్బును కూడా ఆ మాటతోనే అంటారు. ఆర్డర్లు మళ్ళీ పుంజుకుంటున్నాయని రెండో వాక్యం. పని ఎక్కడ ఆపామో అక్కడి నుంచే అందుకుందామని మూడోది. ఇక చివరి వాక్యం మీ అమ్మాయి పట్ల దయతో రాసినది. గడువు గురించి ఆమె దిగులు పడుతోందని, ఆమె విప్పి చెప్పకపోయినా, తాను పసిగట్టానని ఆయన అంటున్నాడు. అందుకు ఆమె ఒక మాట కృతజ్ఞతగా రాస్తే బాగుంటుంది.

అసలు ప్రశ్నకు వచ్చే ముందు మన భాషలోని ఒక క్రియను మీ ఎదుట పెడతాను. తెలుగు నేర్చుకోవాలని విజయవాడ వచ్చిన ఒక పరదేశి ‘ఎత్తు’ అంటే పైకి లేపడమని నేర్చుకున్నాడనుకోండి. బస్టాండులో ఒక తల్లి బిడ్డను ఎత్తుకుంటే అతనికి అర్థమవుతుంది. పక్కనున్న మనిషి ‘ఎన్నిసార్లు చేసినా వాడు ఫోన్ ఎత్తడం లేదు’ అంటే కొంత ఆలోచించి గ్రహిస్తాడు. కానీ ఎదురు చూసి చూసి విసుగెత్తిందని ఒకరు, ఎండకు పిచ్చెత్తుతోందని మరొకరు, ఆ మాటెత్తవద్దని ఇంకొకరు అంటూ ఉంటే, మధ్యలో ఎవరో సందు చివర ఉన్న దుకాణం ఎత్తేశారని చెబితే, గాయకుడు పల్లవి ఎత్తుకున్నాడని, కృష్ణకు వరద పోటెత్తిందని, శత్రువు దండెత్తాడని పత్రికలో చదివితే, అతను కూడా మీలాగే ఒక మాటకు ఇన్ని అర్థాలా అని మనకు ఉత్తరం రాస్తాడు. మనం ఇవేవీ పట్టిక పెట్టుకొని నేర్చుకోలేదు. ఒక చేతి పని ఎంతెంత దూరం పాకగలదో చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం, అంతే. ‘పిక్ అప్’ను కూడా ఆ చూపుతో చూస్తే దాని కొమ్మలన్నీ ఒక మొదలు నుంచి వచ్చినవేనని తెలుస్తుంది.

మొదలు ‘పిక్’ అనే క్రియ. వేళ్ళ కొసలతో చేసే పని అది. గుంటూరు జిల్లా పల్లెల్లో మిరపకాయలు కోస్తారు, పత్తి తీస్తారు, కల్లంలో ఎండిన కాయల నుంచి తాలు కాయలు ఏరుతారు. కోయడం, తీయడం, ఏరడం అని మనం మూడు మాటలుగా చెప్పేదాన్ని ఇంగ్లీషు ‘పిక్’ అన్న ఒక్క మాటతో చెప్పగలదు. అన్నింటిలోనూ పలు వాటి మధ్య నుంచి ఒకటి ఎంచి వేళ్ళతో పట్టుకోవడం ఉంది. అందుకే ‘పిక్’కు ఎంచుకోవడమన్న అర్థం కూడా వచ్చింది. దీనికి ‘అప్’ చేరగానే ఎంపిక వెనక్కి తగ్గి, కింద పడి ఉన్నది చేతిలోకి రావడమన్నది ముందుకు వస్తుంది. నేల మీది నాణెం చేతికి వచ్చింది. అంతకు ముందు అది అక్కడ పడి ఉంది, ఇప్పుడు నా దగ్గర ఉంది. పడి ఉన్నది లేదా ఆగి ఉన్నది కదలి ఒకరి దగ్గరకు చేరడం అనే ఈ చిన్న బొమ్మను మనసులో ఉంచుకుంటే దాదాపు అన్ని అర్థాలకూ దారి దొరుకుతుంది.

రోడ్డు పక్కన నిలబడి ఉన్న మనిషిని వాహనంలోకి ఎక్కించుకోవడం దానికి అతి దగ్గరి అర్థం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు నీరు విజయవాడ అజిత్ సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పుడు పడవలు మిద్దెల మీద చిక్కుకున్న వారిని ఎక్కించుకొని వచ్చాయి. ఇంగ్లీషులో ఆ పనికి చెప్పదగిన క్రియ ‘పిక్డ్ అప్’. ‘ముంచెత్తడం’ అన్న మన మాటలో కూడా ఆ ‘ఎత్తు’ ఉండడం గమనించండి. దారిలో పాల పాకెట్ తెచ్చుకోవడం, దర్జీ దగ్గర కుట్టించిన జాకెట్టు తీసుకురావడం కూడా ‘పిక్ అప్’లే. అక్కడ మన కోసం సిద్ధంగా ఉన్న వస్తువు మన చేతికి వస్తుంది.

ఫోన్ విషయంలో రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి. పాత ఫోన్‌లో రిసీవర్ దాని గూటిలో పడుకొని ఉండేది, దాన్ని ఎత్తితే తప్ప మాట వినబడేది కాదు. ఇప్పుడు అద్దం మీద వేలు జరపడమే గాని ఎత్తడానికి ఏమీ లేదు. అయినా మనం ‘ఫోన్ ఎత్తు’ అనడం మానలేదు, వారు ‘పిక్ అప్’ అనడం మానలేదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన ఊళ్ళలో ‘ఫోన్ లిఫ్ట్ చేయలేదు’ అన్న మాట బాగా నాటుకుపోయింది. ఇంగ్లీషులో అదే మాట వాడితే, బల్ల మీద ఉన్న ఫోన్‌ను చేత్తో పైకి లేపలేదన్నట్లు వినిపిస్తుంది. ‘హి డిడ్ నాట్ పిక్ అప్’ అంటే చాలు, ఫోన్ అన్న మాట కూడా అక్కరలేదు.

జబ్బు సంగతి నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తుంది. తెలుగులో జబ్బే కర్త. జలుబు నన్ను పట్టుకుంది, నాకు జ్వరం తగిలింది అంటాం. మనం ఊరుకున్నా అది వచ్చి మీద పడుతుంది. ఇంగ్లీషులో ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్’ అన్నప్పుడు మనిషే కర్త. దారిలో పడి ఉన్న జబ్బును తెలియకుండానే చేతికి తీసుకున్నట్లు చెబుతారు. ఈ ‘తెలియకుండానే’ అన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే నేర్చుకోవడం అన్న అర్థానికి కూడా అదే ప్రాణం. విజయవాడ రైల్వే స్టేషన్ బయట ఆటో నడిపేవారు చాలామంది హిందీ మాట్లాడతారు. ఏ బడిలోనూ కూర్చొని నేర్చుకున్నది కాదది. ఉత్తరాది ప్రయాణికులతో బేరమాడుతూ ఉండగా నాలుకకు పట్టుబడింది. ‘దే పిక్డ్ అప్ హిందీ’ అంటే సరిగ్గా ఆ అర్థమే వస్తుంది. మన మాటల్లో ‘పట్టుబడడం’, ‘అబ్బడం’ దీనికి దగ్గరగా ఉంటాయి. కాబట్టి మీ అమ్మాయి ఏళ్ళ తరబడి పుస్తకాలు ముందు పెట్టుకొని చదివిన అకౌంటెన్సీని ‘పిక్డ్ అప్’ చేశానని రాయకూడదు, అలా రాస్తే ఆమె శ్రమకు అన్యాయం జరుగుతుంది. ఉద్యోగంలో చేరాక పక్కవారిని చూసి తెలుసుకున్న ఎక్సెల్ చిట్కాలకు మాత్రం ఆ మాట చక్కగా కుదురుతుంది. అలవాట్లు, యాస, ఊతపదాలు కూడా ఇలాగే అంటుకుంటాయి.

ఆపిన చోటి నుంచి అందుకోవడం అన్న అర్థం తెలుగువారికి కొత్త కాదు. బుర్రకథలో కథకుడు ఒక చరణం వదలగానే పక్కనున్న వంతలు దాన్ని అందుకుంటారు. ఒకరు వదిలితే మరొకరు అందుకోవడం, లేదా తాను వదిలినదాన్ని తానే తిరిగి అందుకోవడం: ‘లెట్ అజ్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’ అన్న వాక్యంలో ‘లెఫ్ట్ ఆఫ్’ వదలడమైతే ‘పిక్ అప్’ అందుకోవడం. వేగానికి కూడా మన క్రియ ఇదే. విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే రైలు కృష్ణ మీది వంతెనపై నెమ్మదిగా సాగి, కృష్ణా కెనాల్ జంక్షన్ దగ్గర గుంటూరు దారికి మళ్ళి, మంగళగిరి వైపు వేగం అందుకుంటుంది. ‘ది ట్రైన్ పిక్డ్ అప్ స్పీడ్’ అన్న వాక్యానికి ఇంతకంటే మంచి తెలుగు నాకు కనిపించదు.

మీ మెయిల్‌లోని ఆర్డర్ల వాక్యం వ్యాకరణం దృష్టిలో మిగిలిన మూడింటి కంటే భిన్నమైనది. అక్కడ ఆర్డర్లు దేన్నీ ఎత్తడం లేదు, తామే లేస్తున్నాయి. ‘పిక్ అప్’ తరువాత కర్మ లేకపోయి, ముందున్న కర్త వ్యాపారమో గాలో అమ్మకాలో అయినప్పుడు పుంజుకోవడమన్న అర్థం తీసుకోండి. సంక్రాంతి దాటాక గుంటూరు మిర్చి యార్డుకు సరుకు రాక పుంజుకుంటుంది. ‘అరైవల్స్ పిక్ అప్ ఆఫ్టర్ సంక్రాంతి’ అనవచ్చు. అధికారి మెయిల్‌లో ‘ఎగైన్’ అన్న మాట కూడా ఉంది గనుక, మధ్యలో అవి మందగించాయని కూడా అది చెబుతోంది.

‘పిక్ అప్ ఆన్’ అన్నది వేరే ఇల్లు. ‘ఆన్’ చేరితే పసిగట్టడం, ఎదుటివారు బయటకు అనని విషయాన్ని కనిపెట్టడం. రేడియో గాలిలోని అలలను పట్టడం ఈ అర్థానికి చుట్టం. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం మా ఇంటి పాత సెట్టులో దొరకాలంటే ముల్లును వెంట్రుకవాసి జరపవలసి వచ్చేది. స్టేషన్ ‘దొరికింది’ అని మనం అన్నదాన్ని వారు, రేడియో ఆ స్టేషన్‌ను ‘పిక్ అప్’ చేసిందంటారు. మనిషి మనసు కూడా అటువంటి సెట్టేనని భాష భావించినట్లుంది. మిగిలిన అర్థాలు త్వరగా చెప్పుకోవచ్చు. పోలీసులు ఒకరిని అదుపులోకి తీసుకోవడం, హోటల్‌లో నలుగురి బిల్లూ ఒకరే కట్టడం, పిల్లలు చిందరవందర చేసిన గది వెనకే సర్దడం, పడ్డవాడు తనంతట తాను లేచి నిలబడడం, వీటన్నింటిలోనూ ‘పిక్ అప్’ వస్తుంది. చిట్టచివరి దానికి ‘పిక్డ్ హిమ్‌సెల్ఫ్ అప్’ అనాలి, ‘హిమ్‌సెల్ఫ్’ తప్పనిసరి.

ప్రశ్న: నేను ట్రావెల్స్ కారు నడుపుతాను. విదేశీ అతిథులకు ‘ఐ విల్ పిక్ యూ ఫ్రమ్ గన్నవరం ఎయిర్‌పోర్ట్’ అని మెసేజ్ పెడతాను. ఈ మధ్య ఒక పెద్దావిడ కారెక్కాక, ‘పిక్ యూ’ కాదు బాబూ, ‘పిక్ యూ అప్’ అనాలని మర్యాదగానే చెప్పారు. ఆ ఒక్క ‘అప్’ లేకపోతే అంత తేడా వస్తుందా? ఉంటే ఎక్కడ పెట్టాలి?
— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆవిడ చెప్పింది నిజం. ‘ఐ విల్ పిక్ యూ’ అంటే పలువురిలో నుంచి నిన్ను ఎంచుకుంటానని అర్థం. సందర్భం బట్టి మీ అతిథులు సరిగానే గ్రహిస్తారు, ఇబ్బందేమీ జరగదు. కానీ మాట మాత్రం కుంటుతుంది. మన ప్రాంతంలో ఈ తప్పు ఎంత విస్తారంగా ఉందంటే, ఇంగ్లీషు మీడియంలో చదివినవారు కూడా ‘పిక్ మీ ఎట్ సిక్స్’ అని రాస్తూ ఉంటారు. ‘నన్ను ఆరింటికి ఎక్కించుకో’ అనడానికి బదులు ‘నన్ను ఆరింటికి కోయి’ అన్నట్లుంటుందది.

ఇక చోటు విషయం. ఎక్కించుకునేది పూర్తి పేరుతో ఉంటే ‘అప్’ను ముందైనా వెనకైనా పెట్టవచ్చు: ‘పిక్ అప్ ది గెస్ట్స్’, ‘పిక్ ది గెస్ట్స్ అప్’ రెండూ ఒప్పే. అదే యూ, హిమ్, హర్, దెమ్, ఇట్ వంటి సర్వనామమైతే అది మధ్యలోనే ఉండాలి. ‘పిక్ యూ అప్’, ‘పిక్ దెమ్ అప్’, ‘పిక్ ఇట్ అప్’. ‘పిక్ అప్ దెమ్’ అనడం ఏ ప్రాంతపు ఇంగ్లీషులోనూ చెల్లదు. దించే వైపు మీకు అంత చిక్కు లేదు. ‘డ్రాప్ యూ ఎట్ ది హోటల్’ అన్నా, ‘డ్రాప్ యూ ఆఫ్ ఎట్ ది హోటల్’ అన్నా సరిపోతుంది. విమానాశ్రయం ముందు ‘ఫ్రమ్’ పెట్టినా ‘ఎట్’ పెట్టినా పరవాలేదు.

మీ వృత్తికి పనికివచ్చే జాగ్రత్త ఇంకొకటి ఉంది. ముక్కూ మొహం తెలియని వారితో చనువు కలుపుకొని వెంట తీసుకుపోవడాన్ని కూడా ఇంగ్లీషులో ‘పిక్ అప్’ అంటారు. అందువల్ల ‘ఐ పిక్డ్ అప్ ఎ లేడీ ఎట్ ది స్టేషన్’ అని ఎవరితోనైనా చెబితే విన్నవారు వేరుగా తీసుకునే అవకాశం ఉంది. ‘ఎ ప్యాసింజర్’ అనండి, ‘మై గెస్ట్’ అనండి, ఏ సందేహమూ రాదు.

పలకడంలో కూడా ఒక మెలకువ ఉంది. క్రియగా పలికేటప్పుడు ఒత్తు ‘అప్’ మీద పడుతుంది. నామవాచకంగా, అంటే మీ కారు అద్దం మీద రాసుకునే ‘పికప్’ లాగా పలికేటప్పుడు ఒత్తు ‘పిక్’ మీద పడుతుంది, రాతలో కూడా రెండూ కలిసిపోతాయి. భూతకాలంలో ‘పిక్డ్’ అని మనం రాస్తున్నా, వారి నోట చివరి హల్లు ‘ట’కు దగ్గరగా ఉంటుంది. ‘అప్’తో కలిసి ‘పిక్టప్’ అని ఒకే మాటగా దొర్లిపోతుంది. ఫోన్‌లో వింటున్నప్పుడు ‘అప్’ వినబడలేదని చాలామంది అనుకోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. శిక్షణ కేంద్రంలో మూడు వందల ఫ్రేజల్ వర్బుల (‘పిక్ అప్’ లాంటి జంట క్రియల) పట్టిక ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. ఉదయం చదివినవి సాయంత్రానికి కలగాపులగమవుతున్నాయి. వేరే దారి ఉందా?
— ఒక విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఈ కష్టం మీ ఒక్కరిదీ కాదు, ఈనాటిదీ కాదు. 1755లో తన ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ పీఠికలోనే ఈ జంట మాటల వల్ల పరదేశీయులకు అన్నింటికంటే ఎక్కువ కష్టం కలుగుతుందని ఒప్పుకున్నాడు. ఉదాహరణలుగా ఆయన ఇచ్చిన వాటిలో ‘టేక్ ఆఫ్’ ఒకటి. దానికి ఆయన చెప్పిన అర్థం అనుకరించడం. విమానాలు లేని కాలం గనుక గాలిలోకి లేవడమన్న అర్థం ఆయన ఎరగడు. గన్నవరంలో విమానం ‘టేక్ ఆఫ్’ అయిందని ఇప్పుడు బడిపిల్లలు కూడా అంటున్నారు. జాన్సన్ ఈ మాటలను ఏరి చూపించినా, ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది మాత్రం చాలా తరువాత, 1925లో లోగన్ పియర్‌సల్ స్మిత్ రచన ద్వారా. ఇటువంటి మాటలకు కొత్త అర్థాలు మొలుస్తూనే ఉంటాయి కాబట్టి పట్టిక ఎంత పొడవైనా పూర్తి కాదు.

పట్టికలో ‘పిక్ అప్’ ఎదుట ‘ఎత్తు, నేర్చు, మెరుగుపడు’ అని మూడు మాటలు ఉంటే అవి మనసులో ఒకదానినొకటి తోసుకుంటాయి. నేను చెప్పే పద్ధతి నిదానమైనదే గాని నిలుస్తుంది. నోటుపుస్తకంలో ఒక్కో క్రియకు ఒక్కో పేజీ విడిచిపెట్టండి. అర్థం రాయవద్దు, దాని పక్కన కూర్చునే నామవాచకాన్ని రాయండి: పిక్ అప్ ఎ కోల్డ్, పిక్ అప్ ది బిల్, పిక్ అప్ స్పీడ్, పిక్ అప్ ఎ లాంగ్వేజ్. ఈ జంటలో రెండో మాట చూడగానే మొదటిదాని అర్థం దానంతట అదే తెలుస్తుంది, ‘పోటెత్తు’లో ‘పోటు’ను చూసి ‘ఎత్తు’ను గ్రహించినట్లు. కర్మ లేని వాక్యాలకు పేజీ అడుగున విడిగా చోటు ఇవ్వండి. కొత్త వాక్యం ఎక్కడ చదివినా, విన్నా ఆ పేజీకి చేర్చండి. పరీక్షలో ఖాళీ పూరించమని అడిగినప్పుడు కూడా ముందు చూడవలసింది ఖాళీ తరువాత ఉన్న నామవాచకాన్నే. ‘షి ——— ఎ కోల్డ్’ అని ఉంటే ‘టుక్ అప్’, ‘పుట్ అప్’, ‘పిక్డ్ అప్’లలో జలుబుతో కూర్చునేది ఒక్కటే. ‘టుక్ అప్’ ఒక అభిరుచిని కోరి మొదలుపెట్టడానికి వాడేది, జలుబును ఎవరూ కోరి మొదలుపెట్టరు.

ప్రశ్న: ‘ఈ బండికి పికప్ బాగుంది’ అని మెకానిక్కులు అంటారు. ఇది మనం పుట్టించిన ఇంగ్లీషా?
— ఒక పాఠకుడు, గుణదల, విజయవాడ

జవాబు: కాదు. బండి వేగం అందుకునే శక్తిని ‘పికప్’ అనడం అమెరికా ఇంగ్లీషులో కూడా ఉంది, అక్కడి నిఘంటువులు ఆ అర్థాన్ని ఇస్తాయి. ఇప్పుడు ‘యాక్సిలరేషన్’ అనడమే ఎక్కువ. రాసేటప్పుడు ఆ మాట వాడండి, మెకానిక్కుతో మాట్లాడేటప్పుడు ‘పికప్’ అనే అనండి. మిర్చి టిక్కీలు మోసే వెనక తొట్టి ఉన్న వాహనాన్ని ‘పికప్’ అనడం కూడా సక్రమమైన ఇంగ్లీషే.